పాఠం రికార్డు చేద్దాం, గనిలోకి దిగుదాం



1974 ఫిబ్రవరిలో అమెరికాలోని శాండియాగోలో ఇద్దరు పెద్దమనుషులు టెలివిజన్ కెమెరాల ముందు కూర్చున్నారు. ఒకరు 1895లో మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. ఇంకొకరు అక్కడి విశ్వవిద్యాలయంలో మతాల అధ్యయనం బోధించే ఆచార్యుడు అలన్ ఆండర్సన్. మొత్తం 18 సంభాషణలు, ఒక్కొక్కటి ఇంచుమించు గంట. బోర్డు లేదు, బొమ్మలు లేవు, వెనకాల సంగీతం లేదు. రెండు కుర్చీలు, రెండు గొంతులు, అంతే. కృష్ణమూర్తి 1986లో కన్నుమూశారు. ఆ వీడియోలు మాత్రం ఇవాళ యూట్యూబులో ఉచితంగా దొరుకుతున్నాయి, జనం చూస్తూనే ఉన్నారు.

ఆన్‌లైన్ బోధన గురించి మాట్లాడమని ఆకాశవాణి వారు అడిగినప్పుడు నాకు ముందుగా ఈ రికార్డింగులే గుర్తొచ్చాయి. ఆయన తత్త్వం జోలికి ఇప్పుడు పోను. నేను చూసేది ఆ వీడియోల పనితనం. కృష్ణమూర్తి కెమెరా వైపు చూసి మాట్లాడలేదు. ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడారు. ఆ మనిషి మధ్యలో ఆపుతాడు, "అంటే మీరనేది ఇదా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న చాలాసార్లు మన ప్రశ్నే. గంటసేపు ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే వీడియోను యాభై ఏళ్ల తర్వాత కూడా చూడగలుగుతున్నామంటే కారణం అది.

2020 మార్చిలో బడులు మూతపడ్డాక మన అయ్యవార్లు చేసింది దీనికి సరిగ్గా ఎదురు. వాళ్లను తప్పుపట్టడం లేదు, అప్పటికి ఎవరూ నేర్పలేదు. ఇంట్లో గోడకు ఒక చిన్న బోర్డు తగిలించి, ఫోనును ఏ డబ్బాకో ఆనించి, కెమెరా కంట్లోకి చూస్తూ నలభై అయిదు నిమిషాలు ఏకబిగిన చెప్పేశారు. తరగతిలో అయితే వెనక బెంచీ పిల్లోడు ఆవులిస్తే తెలుస్తుంది. ముందు బెంచీ పాప పెన్ను ఆపి పైకి చూస్తే ఎక్కడో ముడిపడిందని తెలుస్తుంది. ఫోను ఆవులించదు. అందుకే పాఠం సాగుతూ పోయింది. టీవీలో సప్తగిరి ఛానల్లో పదో తరగతి పాఠాలు వచ్చాయి, ఆకాశవాణిలోనూ వచ్చాయి. ఆ ఏడూ, మరుసటి ఏడూ పదో తరగతి పరీక్షలే జరగలేదు. మదనపల్లె చుట్టుపక్కల ఊళ్లలో ఇంకో తంటా ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను తెల్లవారుజామునే నాయనతో పాటు టమోటా మార్కెట్టుకు వెళ్లిపోయేది. పది గంటల క్లాసుకు పిల్లకు ఫోను ఎక్కడిది?

ఆ పిల్లకు పది గంటలకు లైవు క్లాసు పనికిరాదు. రాత్రి ఎనిమిదికి నాయన ఇంటికొచ్చాక చూసుకునేందుకు రికార్డు చేసిన పాఠం పనికొస్తుంది. కాబట్టి రికార్డింగు అవసరమే. ఎలాంటి రికార్డింగు అన్నదే ప్రశ్న. దానికి జవాబు మన చుట్టుపక్కలే ఉంది.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి ఉంది కదా. దాని ఆవరణలోని గ్రామీణ విద్యాకేంద్రం 1980ల చివర నుంచి చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపింది. ఒకే అయ్యవారు, ఒకే గది, అయిదు తరగతుల పిల్లలు. రమ, పద్మనాభరావు దంపతులు అక్కడ ఒక పద్ధతి కట్టారు. పాఠ్యపుస్తకాన్ని విప్పేసి చిన్న చిన్న కార్డులుగా చేశారు. ఒక కార్డు, ఒక పని. గోడమీద నిచ్చెనలాంటి పటం ఉంటుంది. తానెక్కడున్నాడో, తరవాత ఏ కార్డు తీసుకోవాలో పిల్లవాడు దాన్ని చూసి తనే తెలుసుకుంటాడు. కొన్ని కార్డులు అయ్యవారి దగ్గర కూర్చుని చేయాల్సినవి, కొన్ని తోటి పిల్లలతో చేయాల్సినవి, కొన్ని ఒంటరిగా చేసుకునేవి. జ్వరమొచ్చి వారం రాని పిల్ల ఆగిన కార్డు దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. ఈ పద్ధతే కర్ణాటకలో 1995 ప్రాంతంలో 'నలి కలి' అయింది, తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడుల్లోకి వెళ్లింది. మన గడ్డమీద పుట్టి సరిహద్దులు దాటిన ఈ పద్ధతి మన బడుల్లో ఇంకా విరివిగా కనిపించకపోవడం నాకు అర్థం కాని సంగతి.

వీడియో పాఠం ఆ కార్డులా ఉండాలన్నది నా మాట. అధ్యాయం మొత్తం ఒక వీడియోలో కుక్కొద్దు. భిన్నాల కూడిక ఒకటి, హారాలు వేరైనప్పుడు ఏం చేయాలన్నది ఒకటి, తీసివేత ఒకటి. ఒక్కొక్కటి అయిదు నిమిషాలు, మహా అయితే పది. చివర ఒక లెక్క ఇచ్చి, "ఇక్కడ వీడియో ఆపి చేసి చూడు" అని ఆగాలి. ఏ కార్డు అర్థం కాకపోతే పిల్ల దాన్నే మూడుసార్లు వేసుకుంటుంది. తరగతిలో అయ్యవారిని మూడోసారి అడగడానికి సిగ్గుపడే పిల్లలకు ఇదెంత ఊరటో అయ్యవార్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఐఐటీ బొంబాయిలో ఆచార్య కన్నన్ మౌద్గల్య మొదలుపెట్టిన 'స్పోకెన్ ట్యుటోరియల్' ప్రాజెక్టు కంప్యూటరు పాఠాలను ఇలాగే తయారుచేసింది. ఒక్కో పాఠం పది నిమిషాల లోపు. ముందు మాట మొత్తం కాగితం మీద రాస్తారు. ఒకవైపు తెరమీద ఏం కనబడాలి, ఇంకోవైపు నోటితో ఏం చెప్పాలి. ఆ విషయం అసలు తెలియని ఒక కొత్త మనిషికి దాన్ని ఇచ్చి, చదివి పని చేయగలడా అని చూస్తారు. అతను ఆగిన చోటల్లా దిద్దుతారు. ఆ తర్వాతే రికార్డింగు. వినేవాళ్లకు కూడా ఒక నియమం ఉంది. ఒకవైపు వీడియో, పక్కనే సాఫ్టువేరు తెరిచి పెట్టుకుని, చెప్పినంత మేరకు వెంటనే చేస్తూ పోవాలి. ఊరికే చూస్తూ కూర్చుంటే కుదరదు.

ఇక పనిముట్ల సంగతి. ఖర్చు గురించి భయపడాల్సింది లేదు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోను తెరను రికార్డు చేసే సదుపాయం ఫోనులోనే వస్తోంది. కంప్యూటరు ఉంటే ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్టువేరు ఉంది. 2012లో హ్యూ బెయిలీ అనే ఆయన వీడియోగేము ఆడేవాళ్లు తమ తెరను నలుగురికీ చూపించుకోవడానికి దీన్ని మొదలుపెట్టాడు. ఇప్పుడు ప్రపంచమంతా అయ్యవార్లు వాడుతున్నారు. దాంట్లో సీన్లని ఉంటాయి. ఒక సీనులో మీ ముఖం, ఇంకోదాంట్లో స్లయిడు, మరోదాంట్లో స్లయిడుతో పాటు మూలన చిన్నగా మీ ముఖం. మీట నొక్కితే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతుంది. నన్నడిగితే ముఖం మొదట ఒక నిమిషం, చివర అర నిమిషం చాలు. లెక్క నడుస్తున్నంతసేపూ పిల్లల కళ్లు లెక్కమీదే ఉండాలి.

మన ప్రాంతానికి బాగా పనికొచ్చే చిట్కా ఒకటుంది. ఓబీఎస్‌లో రికార్డింగు ఏ రకం ఫైలుగా దాచుకోవాలో మనమే ఎంచుకోవచ్చు. మామూలు ఎంపీ4 పెట్టుకుంటే, సగంలో కరెంటు పోయిందనుకోండి, ఫైలు మొత్తం తెరుచుకోకుండా పోయే ప్రమాదముంది. ఎంకేవీ పెట్టుకుంటే కరెంటు పోయిన క్షణం దాకా చెప్పింది భద్రంగా ఉంటుంది. తర్వాత 'రీమక్స్' అనే మీట నొక్కితే అదే ఎంపీ4గా మారుతుంది. వేసవిలో మధ్యాహ్నం పూట పాఠం రికార్డు చేసేవాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

ఫైలు బరువు కూడా చూసుకోవాలి. పది నిమిషాల పాఠాన్ని సెకనుకు 2,500 కిలోబిట్ల చొప్పున నిండు హెచ్‌డీలో తీస్తే 187 ఎంబీ అవుతుంది. అదే పాఠాన్ని 480పీ స్థాయికి దించి, బొమ్మకు 400, గొంతుకు 64 కిలోబిట్లు ఇస్తే 35 ఎంబీలో సర్దుకుంటుంది. స్లయిడు మీద అక్షరాలు కాస్త పెద్దవిగా పెడితే చాలు, పిల్లలకు తేడా తెలియదు. ఆ 35లో గొంతు వాటా 5 ఎంబీ కూడా లేదు. బరువంతా బొమ్మదే, పాఠమంతా గొంతుదే! రేడియోలో కూర్చుని చెబుతున్నాను కాబట్టి ఇలా అంటున్నాననుకోకండి. బొమ్మ మసకగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు. గొంతు గరగరమంటే మాత్రం రెండో నిమిషంలో కట్టేస్తారు. అందుకే కొనదలుచుకుంటే ముందు కెమెరా కొనకండి, చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు కొనండి. అదీ లేకపోతే ఇయర్‌ఫోన్ మైకు పనికొస్తుంది. ఫ్యాను ఆపేయండి. ఖాళీ గదిలో గొంతు మోగుతుంది కాబట్టి బట్టలు, దుప్పట్లు ఉన్న గదిలో కూర్చోండి.

పక్కన ఒక పిల్లనో పిల్లవాణ్నో కూర్చోబెట్టుకోండి. శాండియాగోలో ఆండర్సన్ చేసిన పని ఆ పిల్ల చేస్తుంది. "సార్, పైన రెండు ఎట్లొచ్చింది?" అని అడిగితే ఆ మాటను కత్తిరించొద్దు, వీడియోలో ఉండనివ్వండి. ఇంట్లో చూస్తున్న ముప్పైమందికి వచ్చే సందేహం అదే.

ఇవన్నీ పట్నంవాళ్లకు, చదువుకున్నవాళ్లకు చేతనవుతాయి గానీ మనకెక్కడ అనుకునేవాళ్లకు కుప్పం కథ ఒకటి చెప్పాలి. 2002లో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. పల్లెల్లో కంప్యూటరు కేంద్రాలు పెట్టారు. అందులో భాగంగా కొందరు స్త్రీలకు డిజిటల్ కెమెరా, చేతిలో పట్టుకుపోయే ప్రింటరు, ఎండతో ఛార్జి అయ్యే బ్యాటరీ ఇచ్చారు. అంతకుముందు కెమెరా పట్టనివాళ్లే. ఊళ్లలో ఫోటోలు తీసి, అక్కడికక్కడే అచ్చు వేసి ఇచ్చి డబ్బు సంపాదించుకున్నారు. ఆ కార్యక్రమం కొన్నేళ్లకే ముగిసింది, కంపెనీ దారిన కంపెనీ పోయింది. ఆ ఆడవాళ్లు కెమెరా నేర్చుకున్న సంగతి మాత్రం నిజం. డిగ్రీ, బీఈడీ చదివిన అయ్యవార్లకు ఫోనుతో పాఠం తీయడం ఎందుకు రాదు?

అయినా పరికరాలు పంచడం, పాఠం పంచడం ఒకటి కాదు. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చారు. ఇంటర్నెట్ లేకపోయినా చూసుకునేలా బైజూస్ కంపెనీ పాఠాలు వాటిలోనే ఎక్కించారు. ఆ ఆలోచన మెచ్చుకోవాల్సిందే. 2024లో ఆ కంపెనీ మీద దివాలా విచారణ మొదలైంది. పాఠాన్ని బయటి కంపెనీ చేతిలో పెడితే రేపు సిలబస్ మారినప్పుడు దిద్దేదెవరు? తన పాఠం తనే తీసుకున్న అయ్యవారికి ఆ దిగులుండదు. తప్పు దొర్లితే మర్నాడు ఆ అయిదు నిమిషాల ముక్క మళ్లీ తీస్తాడు.

ఇక్కడే భాష సంగతి కూడా చెప్పాలి. కుప్పం బడిలో ఒక బెంచీమీద ముగ్గురు పిల్లలుంటే ఒకరింట్లో తమిళం, ఒకరింట్లో కన్నడం, ఒకరింట్లో తెలుగు మాట్లాడతారు. పుస్తకమేమో ఇంగ్లీషులో ఉంటుంది. వీడియోలో బొమ్మ ఒక దారి, గొంతు ఒక దారి. తెరమీద లెక్క అలాగే ఉంచి గొంతు మాత్రం మార్చొచ్చు. స్పోకెన్ ట్యుటోరియల్ వాళ్లు ఇలాగే తెలుగుతో సహా మన భాషలు చాలావాటిలోకి గొంతులు మార్చారు. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టిందే దక్షిణాది భాషలను కలిపి చదవడానికి. అక్కడి విద్యార్థులు పక్కనున్న హైస్కూలు అయ్యవార్ల పాఠాలకు తమిళ, కన్నడ గొంతులు ఇస్తే అంతకన్నా మంచి ప్రాజెక్టు ఏముంటుంది?

రికార్డు పాఠాల సంగతి అయింది, ఇప్పుడు ఆన్‌లైన్ బోధనలో రెండో సంగతికి వద్దాం. కంప్యూటరులో కట్టే ఊహాలోకాలు. 2003లో లిండెన్ ల్యాబ్ అనే అమెరికా సంస్థ 'సెకండ్ లైఫ్' అనే మూడు కొలతల లోకం తెరిచింది. మనకు బదులు ఒక బొమ్మమనిషి అందులో తిరుగుతాడు, ఎగురుతాడు, ఇల్లు కట్టుకుంటాడు. పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలు అందులో డబ్బు పెట్టి ద్వీపాలు తీసుకున్నాయి. తీసుకుని ఏం చేశాయి? చాలాచోట్ల బెంచీలు వేసి, తెర కట్టి, బొమ్మమనుషులను కూర్చోబెట్టి స్లయిడ్లు చూపించాయి. ఎగరగలిగే మనిషిని తీసుకొచ్చి బెంచీమీద కూర్చోబెట్టడం! విద్యాసంస్థలకిచ్చే రాయితీ ఎత్తేయగానే చాలామంది ఖాళీ చేసి వెళ్లిపోయారు. 2018లో మొజిల్లా సంస్థ 'హబ్స్' అని ఇలాంటిదే ఇంకొకటి తెచ్చింది, 2024లో మూసేసింది. అద్దె స్థలంలో కట్టిన బడికి ఈ గతి తప్పదు.

నా లెక్క సులభం. కాళ్లతో నడిచి వెళ్లగలిగిన చోటికి ఊహాలోకం అక్కర్లేదు. పుంగనూరులో బడి పెట్టుకుని పుంగనూరు ఆవును మూడు కొలతల బొమ్మగా చూపించడం ఎందుకు? పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో ఆ జాతిని పెంచుతున్నారు. పిల్లలను బస్సెక్కించి తీసుకెళ్లండి, మీటరు ఎత్తు కూడా లేని ఆవు పక్కన నిలబడి తామే కొలుచుకుంటారు. కాలిఫోర్నియాలో మనబడిలో తెలుగు నేర్చుకుంటున్న పిల్లకైతే ఆ బొమ్మ ఆవే బంగారం. అలాగే కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ వారి 172 ఎకరాల సైన్సు ఆవరణ ఉంది. అక్కడ పిల్లలు చేత్తో పట్టుకుని చేసే ప్రయోగాన్ని తెరమీద మౌసుతో చేయించడం దండగ. ప్రయోగశాల లేని ఊళ్లో ఐఐటీలు, ఇతర సంస్థలు కలిసి పెట్టిన వర్చువల్ ల్యాబులు వాడుకోవచ్చు, అది వేరే సంగతి.

మరి వెళ్లలేని చోటు మనకేముంది? ఉంది. కుప్పం పక్కన గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులున్నాయి. కుప్పం నుంచి బెంగళూరు రైలెక్కితే బంగారుపేట వస్తుంది, అక్కడికి దగ్గర్లోనే కోలారు గనులు. ఇవన్నీ భారత్ గోల్డ్ మైన్స్ వారు నడిపినవి, 2001లో మూతపడ్డాయి. కోలారు గని లోతు 3,200 మీటర్లు. అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. 1965లో శాస్త్రవేత్తలు ఆ గనిలోనే, భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతులో, వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే సూక్ష్మకణాలను పట్టుకున్నారు. తాతలు దిగిన ఆ గనిలోకి మనవళ్లు దిగలేరు, లోపల నీళ్లు నిండిపోయాయి.

ఊహాలోకం కట్టాల్సింది దీనికి. లువాంటి అనే ఉచిత సాఫ్టువేరు ఉంది. 2010లో ఫిన్లాండుకు చెందిన పెర్టు అహోలా మైన్‌టెస్ట్ పేరుతో మొదలుపెట్టాడు, 2024లో పేరు మార్చారు. పిల్లలు పేర్చే దిమ్మెల ఆట అది. పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది. బడిలోని ఒక కంప్యూటరును సర్వరుగా పెట్టి మిగతావాటికి తీగలు కలిపితే ఇంటర్నెట్ అసలు అక్కర్లేదు, ఎవరూ మూసేయలేరు. అందులో ఒక దిమ్మె అంటే ఒక మీటరు. కిందికి 30,000 మీటర్లకు పైగా తవ్వుకోవచ్చు. అంటే కోలారు గనిని నమూనాగా కాదు, అసలు లోతులోనే కట్టొచ్చు.

కట్టేటప్పుడు పాఠం దానంతటదే వస్తుంది. అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పుతో 3,200 మీటర్ల నిలువు బావి తవ్వితే ఎన్ని దిమ్మెలు తీయాలి? 80,000. ఒక్కో ఘనమీటరు రాయి మూడు టన్నులనుకుంటే 2,40,000 టన్నులు. దాన్ని పైకి లాగింది ఎవరు, దేనితో? గాలి అడ్డు లేదనుకుని పైనుంచి రాయి వదిలితే అడుగుకు చేరడానికి ఎంతసేపు? పిల్లలు లెక్కేస్తే 25 సెకన్ల పైమాట. లోపలికి గాలి ఎలా పంపారు, నీళ్లెలా తోడారు? ఎనిమిదో తరగతి గణితం, తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం, ఊరి చరిత్ర ఒకే బావిలో దొరుకుతాయి. తవ్వుతూ మాట్లాడుతూ పిల్లలే ఆ తెరను ఓబీఎస్‌తో రికార్డు చేస్తే మదనపల్లె పిల్లలు చూసే పాఠం తయారు.

ఒక్కటి మాత్రం దిమ్మెలు పేర్చితే రాదు. లోపల చీకటి ఎలా ఉండేది, బోనులో దిగుతుంటే చెవులేమయ్యేవి, కూలి ఎంత, దుమ్ముకు దగ్గు పట్టినవాళ్ల గతేమిటి. ఇది చెప్పాల్సింది గనిలో పనిచేసినవాళ్లు. గుడుపల్లె, కుప్పం మండలాల అయ్యవార్లకు, పిల్లలకు నా విన్నపం ఇది. మీ వీధిలో గనికి వెళ్లిన పెద్దాయన ఉంటే ఫోను అడ్డంగా పట్టుకుని, మైకు ఆయన చొక్కాకు పెట్టి, ఎదురుగా ఒక పిల్లను ప్రశ్నలడగడానికి కూర్చోబెట్టి రికార్డు చేయండి. ఆయన తమిళంలో చెబితే తమిళంలోనే తీయండి, గొంతు తర్వాత మార్చుకోవచ్చు. గని మూతపడ్డ రోజు నలభై ఏళ్లున్న కార్మికుడికి ఇప్పుడు అరవై దాటేశాయి. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.